తీపి మానేస్తే సరిపోతుందా?

షుగర్ ఉందని తేలగానే మన ఇళ్లలో ముందుగా మాయమయ్యేది టీలో చక్కెర. తర్వాత వంతు అరిసెలు, బూరెలది. అన్నం జోలికి మాత్రం ఎవరూ పోరు. ఒకసారి లెక్క చూడండి. టీలో వేసుకునే రెండు చెంచాల చక్కెర పది గ్రాములు ఉంటుంది. వండిన తెల్లన్నం వంద గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి కలుపుకొని మొత్తం 300 గ్రాముల అన్నం తిన్నారనుకుందాం. అది 84 గ్రాముల పిండిపదార్థం. అరిగాక దాదాపు అంతా గ్లూకోజే అవుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున అందులో ఉండే గ్లూకోజ్ అంతా కలిపినా ఐదు గ్రాములే, అంటే ఒక చెంచాడు. మరి భోజనంతో వచ్చిన 84 గ్రాములు ఎక్కడికి పోవాలి? కొంత కాలేయంలోకి, చాలావరకు కండరాల్లోకి. కణాలు దాన్ని తీసుకునేలా చేసేది క్లోమం విడుదల చేసే ఇన్సులిన్. టైప్ 2 మధుమేహంలో కండరాలు, కాలేయం ఆ ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. అది అలసిపోయే దశలో రక్తంలో చక్కెర పెరగడం మొదలవుతుంది.

‘రాత్రి ఏమీ తినలేదు, పొద్దున షుగర్ ఎందుకు ఎక్కువుంది?’ అని చాలామంది అడుగుతారు. మనం నిద్రపోతున్నప్పుడు మెదడు అవసరాల కోసం కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూ ఉంటుంది. ఇక చాలని దానికి చెప్పేది ఇన్సులినే. ఆ మాట కాలేయం సరిగా వినకపోతే, తినకపోయినా పరగడుపు రీడింగ్ పెరుగుతుంది. రాత్రి భోజనం మానేయడం దీనికి విరుగుడు కాదు.

సన్నగా ఉన్నవాళ్లకు షుగర్ రాదన్న ధీమా కూడా మనకు పనికిరాదు. భారతీయులలో కండ తక్కువ, పొట్ట లోపలి కొవ్వు ఎక్కువ. అందుకే మనకు బీఎమ్ఐ 23 దాటగానే అధిక బరువుగా లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే జాగ్రత్త పడాలి. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. దాని గడప మీద నిలబడ్డవారు అంతకంటే ఎక్కువ, 13 కోట్లకు పైనే.

ఇక కంచం సంగతి. సగం కంచం కూరగాయలకు వదలండి: బీర, దొండ, బెండ, గోరుచిక్కుడు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు, చేప లేదా చికెన్. మిగిలిన పావే అన్నానికి. తినే వరుస కూడా ముఖ్యమే. ముందు కూర, పప్పు తిని చివర్లో అన్నం తింటే షుగర్ అంత వేగంగా ఎక్కదు. తెల్లన్నం కన్నా కొర్రన్నం కొంత నయమే కానీ, కొర్రలు కదా అని రెండింతలు తింటే ఫలితం ఉండదు. రాగులు మంచివే అయినా, మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి షుగర్‌ను పెంచుతుంది. జామకాయను కొరికి తినండి, పండ్ల రసం తాగకండి.

కంచం తర్వాతి మందు నడక. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. కాబట్టి తిన్న వెంటనే నడుం వాల్చకుండా పది పదిహేను నిమిషాలు నడవండి. వారం మొత్తం మీద 150 నిమిషాల చురుకైన నడక ఉండాలి. వారానికి రెండు రోజులు కండ పెంచే వ్యాయామం చేయాలి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు.

ఇవి ఉత్త సలహాలు కావు. మధుమేహం గడపన ఉన్న భారతీయుల మీద చెన్నై పరిశోధకులు జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. ఆహారం, నడక మార్చుకున్నవారిలో వ్యాధి ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో వచ్చిన ఫలితమూ ఇంచుమించు అంతే. బ్రిటన్‌లో 2017లో ప్రచురించిన మరో అధ్యయనంలో, వ్యాధి బయటపడి ఆరేళ్లలోపు ఉన్నవారిని వైద్యుల పర్యవేక్షణలో బాగా బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ మధుమేహ స్థాయి కంటే దిగువన ఉంది.

ఇది చదివి మీ అంతట మీరు మాత్రలు ఆపకండి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వచ్చి రీడింగ్ 70 కంటే తక్కువుంటే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. కళ్లు, పాదాలు, మూత్రపిండాల పరీక్ష ఏడాదికోసారి తప్పదు. వీటికి వచ్చే చేటు నొప్పి తెలియకుండానే ముదురుతుంది.

మీ ఒంటికి ఏది పడుతుందో గ్లూకోమీటరే చెబుతుంది. భోజనానికి ముందు ఒకసారి, మొదలుపెట్టిన రెండు గంటలకు మరోసారి చూసుకోండి. రెండో రీడింగ్ 180 దాటితే, మర్నాడు అదే భోజనంలో అన్నం కొంత తగ్గించి, తిన్నాక నడిచి మళ్లీ చూడండి. తేదీ, తిన్నది, రెండు రీడింగులు ఒక పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీతో పాటు ఈ వివరాలూ ఉంటే, మందు పెంచాలో తగ్గించాలో ఆయన ఊహ మీద కాకుండా ఆధారంతో నిర్ణయించగలరు.