అన్నపూర్ణ చుట్టూ నడక: అపోహలు – వాస్తవాలు

ముక్తినాథ్ పేరు తెలుగు ఇళ్ళలో చాలాకాలంగా వినిపిస్తున్నదే. 108 దివ్యదేశాల్లో అదొకటి. మన పూజామందిరాల్లోని సాలగ్రామాలు దాని దిగువన పారే కాళీగండకి నదిలో దొరికేవే. ఆ ముక్తినాథ్‌కు తూర్పున 5,416 మీటర్ల ఎత్తులో థొరాంగ్ లా అనే కనుమ ఉంది. నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతశ్రేణిని చుట్టివచ్చే ‘అన్నపూర్ణ సర్క్యూట్’ ట్రెక్‌లో అన్నిటికంటే ఎత్తయిన చోటు అదే. బేసీసహర్ దగ్గర మొదలై, మర్స్యాంగ్డీ నది వెంట మనాంగ్ దాకా ఎక్కి, కనుమ దాటి ముక్తినాథ్‌లో దిగే ఈ దారిని విదేశీయులకు 1977లో తెరిచారు. ఇప్పుడు హైదరాబాద్, విశాఖల నుంచి కూడా మనవాళ్ళు గైడ్లను పెట్టుకుని ఈ దారి పడుతున్నారు.

వెళ్ళేవాళ్ళతో పాటు అపోహలూ వెళ్తున్నాయి. వాటిలో కొన్నింటివల్ల డబ్బు వృథా అవుతుంది, కొన్నింటివల్ల ప్రాణం పోతుంది. బయల్దేరేముందే వాటిని వదిలించుకోవాలి.

అపోహ: అన్నపూర్ణ ట్రెక్ అంటే అన్నపూర్ణ శిఖరం ఎక్కడం.

వాస్తవం: రెండూ వేర్వేరు. 8,091 మీటర్ల అన్నపూర్ణ శిఖరం పర్వతారోహకులది. ఎనిమిదివేల మీటర్లు దాటిన 14 శిఖరాల్లో మనిషి మొట్టమొదట ఎక్కింది దాన్నే. 1950 జూన్ 3న మోరిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ అనే ఫ్రెంచివారు ఎక్కారు. హెర్జోగ్ చేతివేళ్ళూ కాలివేళ్ళూ, లాషెనాల్ కాలివేళ్ళూ మంచుకు పోగొట్టుకుని తిరిగొచ్చారు. ఈనాటికీ అది అత్యంత ప్రమాదకరమైన శిఖరాల్లో ఒకటి. సర్క్యూట్‌లో తాళ్ళు, మంచుగొడ్డళ్ళు అక్కర్లేదు. కాలిబాట మీద నడక, రాత్రికి లాడ్జిలో పడక, అంతే.

అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. అందరూ గొప్పగా చెప్పుకునే ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ఎత్తు 5,364 మీటర్లు. థొరాంగ్ లా అంతకంటే ఎత్తులో ఉంది.

అపోహ: రోజూ జిమ్‌కు వెళ్ళేవాళ్ళకు, మారథాన్లు పరుగెత్తేవాళ్ళకు మౌంటెన్ సిక్‌నెస్ (ఎత్తు జబ్బు) రాదు.

వాస్తవం: వస్తుంది. దేహదారుఢ్యం ఉంటే కాళ్ళు అలిసిపోవు, నడక హాయిగా సాగుతుంది. ఎత్తు జబ్బు నుంచి మాత్రం అది కాపాడదు. పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. థొరాంగ్ లా మీద అది సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగం. అంటే పీల్చే ప్రతి శ్వాసలోనూ అందే ఆక్సిజన్ సగమే. ఆ లోటుకు తగ్గట్టు శ్వాస వేగం, రక్తంలోని క్షారగుణం, మూత్రపిండాల పని అన్నీ మారాలి. దానికి రోజులు పడుతుంది. కండలున్నాయని ఆ మార్పు త్వరగా జరగదు. పైగా బలంగా ఉన్నవాళ్ళు అలుపు తెలియక గబగబా ఎక్కేసి త్వరగా చిక్కుల్లో పడతారు.

అందుకే వైద్యులు ఒక లెక్క పెట్టారు. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు ముందురోజు కంటే సుమారు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకే ఊళ్ళో రెండు రాత్రులుండాలి. సర్క్యూట్‌లో మంచి గైడ్ వేసే ప్రణాళిక చూడండి: చామేలో 2,700 మీటర్లు, అప్పర్ పిసాంగ్‌లో 3,300, న్గావల్‌లో దాదాపు 3,650, మనాంగ్‌లో 3,540. మనాంగ్‌లో రెండు రాత్రులు. ఆ మధ్య పగలు ఖాళీగా కూర్చోరు. గంగాపూర్ణ హిమానీనదం వైపో, ఐస్ లేక్ వైపో పైకెక్కి, సాయంత్రానికి మళ్ళీ కిందికి దిగి పడుకుంటారు. తర్వాత యాక్ ఖర్కా, థొరాంగ్ ఫేదీ, ఆపైన కనుమ. ఆ విశ్రాంతి రోజును ‘వేస్ట్’ అని కొట్టేసి పన్నెండు రోజుల ట్రెక్‌ను తొమ్మిది రోజులకు కుదించే ప్యాకేజీ చవకగా కనిపిస్తుంది. అందులో మిగిలేది మీ డబ్బు, తరిగేది మీ భద్రత.

అపోహ: మనాంగ్ దాకా జీపు వెళ్తోంది కదా, నాలుగు రోజులు మిగిలినట్టే.

వాస్తవం: అది నిజంగానే ప్రమాదం. జీపు ఎక్కిన శరీరానికి ఎత్తు తగ్గదు. 800 మీటర్ల దగ్గరున్న బేసీసహర్ నుంచి ఒకటి రెండు రోజుల్లో 3,500 మీటర్ల ఊళ్ళో దిగితే, అలవాటు పడాల్సిన మెట్లన్నీ దాటేసినట్టే.

ఈ మాట ట్రెక్కర్లకంటే మన యాత్రికులకు ఎక్కువ అవసరం. పోఖరా నుంచి జీపుల్లో వచ్చే పెద్దవాళ్ళు సుమారు 800 మీటర్ల నుంచి 3,700 మీటర్లకు పైనున్న ముక్తినాథ్‌కు ఒకటి రెండు రోజుల్లో చేరుకుంటారు. అక్కడి 108 ధారల చన్నీళ్ళ కింద తడుస్తారు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ముందే వైద్యుడిని కలవాలి. దారిలో జామ్‌సమ్‌లో ఒకటి రెండు రాత్రులు ఆగాలి. దర్శనమయ్యాక ఆలస్యం చేయకుండా కిందికి దిగాలి.

రోడ్డు పడ్డాక ట్రెక్ పాడైపోయిందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. రోడ్డును తప్పించే బాటలున్నాయి. ఎరుపు తెలుపు గుర్తులు వాటిని చూపిస్తాయి. అప్పర్ పిసాంగ్ నుంచి ఘ్యారు, న్గావల్ మీదుగా సాగే పైదారిలో అన్నపూర్ణ శిఖరాలు ఎదురుగా బారులుతీరి ఉంటాయి. ఎత్తుకు అలవాటు పడటానికీ అదే మేలైన దారి.

అపోహ: ఏ వైపు నుంచి మొదలుపెట్టినా ఒకటే.

వాస్తవం: కాదు. మనాంగ్ వైపు ఊళ్ళు మెట్లుమెట్లుగా ఉన్నాయి. కనుమ దాటే రోజున ఫేదీ నుంచి ఎక్కాల్సింది 900 మీటర్ల పైచిలుకు. ముక్తినాథ్ వైపు నుంచైతే ఒకే రోజులో 1,600 మీటర్లకు పైగా ఎక్కాలి. మధ్యలో రాత్రి బసకు సరైన ఊరు లేదు. అందుకే దాదాపు అందరూ మనాంగ్ నుంచే వస్తారు. పొద్దెక్కాక కనుమ మీద గాలి ఉధృతమవుతుంది కాబట్టి తెల్లవారకముందే బయల్దేరతారు.

అపోహ: కర్పూరం వాసన చూస్తే, వెల్లుల్లి సూప్ తాగితే, చిన్న ఆక్సిజన్ డబ్బా వెంట ఉంటే చాలు.

వాస్తవం: అమర్‌నాథ్ నుంచి కేదార్‌నాథ్ దాకా యాత్రికులు కర్పూరం పొట్లం జేబులో వేసుకుని వెళ్తారు. దాన్ని పీలిస్తే ముక్కులో చల్లదనం తెలుస్తుంది, ఊపిరి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. పిప్పరమెంటు నోట్లో వేసుకుంటే నోరు చల్లబడినట్టు అనిపించడం లాంటిదే ఇదీ. రక్తంలోకి చేరే ఆక్సిజన్ రవ్వంత కూడా పెరగదు. వెల్లుల్లి సూప్ వేడిగా ఉంటుంది, ఒంట్లోకి నీరు చేరుతుంది, కాబట్టి హాయిగా తాగండి. అది మందు మాత్రం కాదు. చేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత మీరు అదే ఎత్తులో, అదే జబ్బుతో ఉంటారు.

ఎసెటజోలమైడ్, అంటే మనవాళ్ళు డయామాక్స్ అనే మందు, నిజంగా పనిచేస్తుంది. అది లక్షణాలను కప్పిపుచ్చుతుందన్న ప్రచారం తప్పు. మూత్రపిండాల ద్వారా బైకార్బొనేట్‌ను బయటికి పంపి, శ్వాసను పెంచి, శరీరం అలవాటుపడే పనిని అది త్వరపెడుతుంది. ముందుజాగ్రత్తగా సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. వేళ్ళలో తిమ్మిర్లు, ఎక్కువసార్లు మూత్రం రావడం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్ళు, ఇతర జబ్బులున్నవాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మాత్ర వేసుకున్నాం కదా అని రోజుకు వెయ్యి మీటర్లు ఎక్కడానికి అది అనుమతిపత్రం కాదు.

అపోహ: కొంచెం తలనొప్పికే ఆగిపోతే గ్రూపు మొత్తానికి ఇబ్బంది. ఓర్చుకుంటే పోతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఈ మొహమాటమే. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, విపరీతమైన నీరసం కనిపిస్తే, వేరే కారణం తేలేదాకా అది ఎత్తు జబ్బేనని అనుకోవాలి. లక్షణాలున్నప్పుడు ఇంకా పైకి వెళ్ళకూడదు. అదే ఎత్తులో ఆగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకుండా పెరుగుతుంటే దిగిపోవాలి.

రెండు ప్రమాద సంకేతాలు ప్రతివారికీ తెలిసి ఉండాలి. కూర్చున్నా ఆయాసం, తగ్గని దగ్గు, కఫంలో నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడితే, ప్రవర్తన మారితే, ఒక పాదం వేళ్ళకు రెండో పాదం మడమ ఆనిస్తూ గీత మీద నడవలేకపోతే మెదడు వాపు మొదలైంది. ఈ రెంటికీ అసలు మందు కిందికి దిగడమే. రాత్రయినా సరే, తోడుతో దింపాలి. రోగిని ఒంటరిగా ఎప్పుడూ పంపకూడదు. ‘నాకేం కాలేదు’ అని రోగి అంటున్నా వినకూడదు, ఎందుకంటే తన పరిస్థితి తనకు తెలియకపోవడం ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి.

మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్య కేంద్రం ఉంది. సీజన్‌లో అక్కడి డాక్టర్లు ట్రెక్కర్లకు ఎత్తు జబ్బు గురించి వివరిస్తారు. ఆ కాసేపు ఫొటోలు మానుకుని వెళ్ళి వినండి.

అపోహ: అక్టోబరులో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, భయం లేదు.

వాస్తవం: వర్షాలు వెనుదిరిగాక అక్టోబరు, నవంబరు ఈ ట్రెక్‌కు మంచి నెలలే. కానీ ఆ నెలల్లోనే బంగాళాఖాతంలో తుపాన్లు పుడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. తీరం దాటాక దాని శేషం ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత, అక్టోబరు 14న, థొరాంగ్ లా ప్రాంతంలో మంచుతుపానై కురిసింది. ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు, పశువుల కాపర్లు కలిపి 40 మందికి పైగా చనిపోయారు. మంచులో దారి కనబడక, మంచుచరియల కింద చిక్కుకుని పోయారు. మన తీరంలో ముందస్తు హెచ్చరికలతో లక్షల మందిని తరలించారు. అదే తుపాను గురించి కొండ మీద నడుస్తున్న చాలామందికి సమాచారమే అందలేదు.

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే తెలుగువాడు ఆ వార్తను తేలిగ్గా తీసుకోడు. అన్నపూర్ణ దారిలో ఉన్నా అలాగే తీసుకోవాలి. కనుమ దాటేముందు వాతావరణ సమాచారం గైడ్‌తో కలిసి చూసుకోవాలి. ‘రేపు వద్దు’ అని గైడ్ అంటే, తిరుగు విమానం టికెట్ పోయినా ఆగిపోవాలి. అందుకే ప్రణాళికలోనే ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకోవాలి.

అపోహ: గైడ్లు, పోర్టర్లు అందరూ షెర్పాలే. కొండలో పుట్టినవాళ్ళు కాబట్టి వాళ్ళకేం కాదు.

వాస్తవం: షెర్పా అనేది వృత్తి పేరు కాదు, ప్రధానంగా ఎవరెస్ట్ ప్రాంతానికి చెందిన ఒక జాతి. అన్నపూర్ణ దారిలో మీ వెంట వచ్చేవాళ్ళు గురుంగ్, తమాంగ్, మగర్, రాయ్, ఇంకా ఎవరైనా కావచ్చు. తరతరాలుగా ఎత్తులో బతికిన టిబెటన్లు, షెర్పాల జన్యువుల్లో అందుకు తగిన మార్పులున్నాయి. కానీ పోర్టర్లలో ఎంతోమంది దిగువ కొండల రైతుబిడ్డలు. మన లాగే వాళ్ళకూ ఎత్తు జబ్బు వస్తుంది. పని పోతుందన్న భయంతో చెప్పకుండా దాచుకుంటారు.

కాబట్టి సంస్థను ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే అడగకండి. పోర్టర్‌కు బీమా ఉందా, వెచ్చని దుస్తులు, బూట్లు ఉన్నాయా, రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఎంత బరువు మోస్తాడు అని అడగండి. మామూలుగా ఇద్దరి సామాన్లు ఒకరు మోస్తారు, కనుక మనిషికి పది కిలోలకు మించి సర్దుకోకుండా ఉంటే మేలు. పోర్టర్ జబ్బుపడితే లెక్క తేల్చి ఒంటరిగా పంపేయడం అమానుషం. మీకు ఏ వైద్యం అందుతుందో అతనికీ అదే అందాలి.

విదేశీ ట్రెక్కర్లు గైడ్‌ను పెట్టుకోవాలని నేపాల్ 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన తెచ్చింది. గైడ్‌కు లైసెన్సు ఉండాలి. సామాను మోసే మనిషినే గైడ్ అని చూపించే బేరాలు వద్దు.

అపోహ: కొండ మీద శాకాహారికి తిండి దొరకదు. బలానికి మాంసం తినాల్సిందే.

వాస్తవం: లాడ్జిల్లో రెండు పూటలా దొరికే దాల్‌భాత్ అంటే అన్నం, పప్పు, కూర, పచ్చడి. అడిగితే మళ్ళీ వడ్డిస్తారు. మనకు ఇంతకంటే ఇంటి భోజనం ఏముంది? మాంసమే అనుమానించాల్సిన వస్తువు. కింది నుంచి రోజుల తరబడి మోసుకొచ్చినది, నిల్వకు సరైన ఏర్పాటు లేనిది ఎక్కువ. సెలయేటి నీళ్ళు స్వచ్ఛమనుకోవడం మరో పొరపాటు. పైన పశువులు మేస్తుంటాయి. కాచిన నీళ్ళో, శుద్ధిచేసే మాత్రలు వేసిన నీళ్ళో తాగాలి. ఎత్తులో నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అయినా క్రిములు చావడానికి అది చాలు.

అపోహ: ఏమైనా అయితే హెలికాప్టర్ వస్తుంది.

వాస్తవం: పగలు, అదీ వాతావరణం బాగుంటేనే వస్తుంది. డబ్బు చెల్లింపునకు హామీ దొరికాకే ఎగురుతుంది. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది. మీ పాలసీ 6,000 మీటర్ల దాకా ట్రెకింగ్‌కు వర్తిస్తుందో లేదో చదివి చూసుకోండి. అవసరం లేకపోయినా హెలికాప్టర్లు పిలిపించి బీమా సొమ్ము కాజేసే మోసాలు 2018లో నేపాల్ ప్రభుత్వ విచారణలోనే బయటపడ్డాయి. హెలికాప్టర్ ఆఖరి ఉపాయం. అది వచ్చేదాకా కూర్చోకుండా, నడవగలిగినంత కిందికి దిగడం మొదటి చికిత్స.

ఈ అపోహల్లో చాలావాటి వెనక ఉన్నది తొందరే. సెలవు తక్కువ, టికెట్ ముందే కొన్నాం, పక్కవాడు దాటేశాడు. సర్క్యూట్‌కు వెళ్ళాలనుకునేవారికి నా విన్నపం ఒకటే. సెలవు రెండు వారాలు దొరికే దాకా ఆగండి. దొరకకపోతే ఘాంద్రుక్, పూన్‌హిల్ లాంటి తక్కువ ఎత్తు దారులున్నాయి, అవీ అన్నపూర్ణనే చూపిస్తాయి. ఏ దారిన వెళ్ళినా, వెనక్కి తిరిగిరావడం ఓటమి కాదని మీ గ్రూపులో అందరూ బయల్దేరేముందే ఒప్పుకోండి. తలనొప్పిని దాచనని ఒకరికొకరు మాట ఇచ్చుకోండి. కనుమ వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది.