దుబాసీపనియు జపానుభాషయు

జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల పురుషులు పెక్కుమంది గల్ఫుదేశములలో కాయకష్టముచే ధనమార్జించుచున్నారు. ధర్మపురిలో ఇల్లు గడపుచున్న చదువరియగు సోదరికి ఇల్లు విడువకయే చేయదగిన పని యొకటి కలదు: జపానుభాషానువాదము. ఎదుట నిలిచి ఇరువురి మాటలను నడుపు దుబాసీపనికి మాత్రము తరచుగా ఊరు వెడలవలయును.

ఈభాష మనకు కొంత చుట్టమువంటిది. జపానువాక్యమునందును క్రియ తుదనే వచ్చును. విభక్తులు నామమునకు పిమ్మటనే చేరును. ఇంగ్లీషువారికి తలక్రిందుగా దోచునది మనకు సహజము. అత్తగారితో నొకతీరున, చెల్లెలితో నొకతీరున మాటలాడు మనకు వారి మర్యాదవాచకములును వింత గావు.

కష్టమంతయు లిపియందున్నది. 46 మూలాక్షరముల వర్ణమాలలు రెండు; అవిగాక నిత్యవ్యవహారమునకు 2010లో జపాను ప్రభుత్వము నిర్ణయించిన 2,136 చీనాలిపి చిహ్నములు. ఏడాదిలో నేర్పుదుమనువారిని నమ్మకుడు.

ప్రావీణ్యపరీక్షకు ఐదు మెట్లు; ఐదవది సులభము, మొదటిది కఠినము. అనువాదకులను గోరువారు సాధారణముగా రెండవ మెట్టునైన నడుగుదురు. చిత్రమేమన, ఆ పరీక్షలో మాటలాడించుటయే లేదు! దుబాసి కాగోరునామె నోటిసాధన వేరుగా చేయవలయును.

హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయమున ఈభాష బోధింపబడుచున్నది. తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ నర్సులకు దీనిని నేర్పించి జపానునకు బంపుచున్నది.