పుక్కిలింత మందులు – మూలికలా, రసాయనములా?

వేపపుల్లతో పండ్లు తోముకొని ఉప్పునీట పుక్కిలించుట మన పెద్దలకు నిత్యకృత్యము. ద్రవమును నోట కదలించి పుక్కిలించుటను ఆయుర్వేదము కవళమనియు, కదల వీలులేనంతగా నోటినిండ పట్టియుంచుటను గండూషమనియు పేర్కొన్నది. నేడు మందుల అంగళ్లలో రంగురంగుల సీసాలును చేరినవి. వీనిలో ఏది మేలు?

పండ్లపై జిగటగా పేరుకొను పాచి సూక్ష్మక్రిములకు నిలయము. అందలి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అను క్రిమి తీపిని ఆమ్లముగా మార్చి పంటి పింగాణి పొరను కరగించును. పాచి చిగుళ్ల అంచున నిలిచినచో అవి వాచి, రక్తము కారును.

రసాయన ద్రవములలో క్లోర్‌హెక్సిడిన్ మేటి. డెన్మార్కున హెరాల్డ్ లోయె, ఆయన సహచరుడు 1970లో ప్రకటించిన ప్రయోగమున, పండ్లు తోముట మానినవారు సైతము నూటికి 0.2 పాలు గల ఈ ద్రవముతో దినమునకు రెండుమారులు పుక్కిలింపగా పాచి పేరుకొనలేదు. ఈ మందు పండ్లకు, నోటి లోపొరకు అంటుకొని గంటల తరబడి పనిచేయును. కాని ఎక్కువ దినములు వాడినచో పండ్లపై గోధుమరంగు మరకలు పడును. నాలుకకు రుచి మారును. కావున దంతవైద్యుడు చెప్పినన్ని దినములే వాడవలెను. టూత్‌పేస్టులోని నురుగు పదార్థము దీని బలమును తగ్గించును గనుక, తోముకొనిన పిదప అరగంట ఆగి పుక్కిలింపవలెను.

ఇక మూలికల మాట. లవంగములోని యూజినాల్‌కును, కరక్కాయ, తానికాయ, ఉసిరికలు చేరిన త్రిఫలకును క్రిములను అణచు గుణము కలదు. మన దేశమున జరిగిన కొన్ని పరిశోధనలలో త్రిఫల ద్రవము క్లోర్‌హెక్సిడిన్‌కు ఇంచుమించు సమానముగా పాచిని తగ్గించినది. అయితే అట్టి పరీక్షలలో పెక్కు కొలదిమందిపై, కొలదికాలము జరిగినవే. ఇంట కాచు కషాయము బలము ఇంటింటికి వేరు. మూలిక యనినంతనే నిరపాయమని తలపరాదు. నీరు కలపని లవంగనూనె చిగుళ్లను కాల్చును.

ఏ ద్రవమైనను గట్టిపడిన పాచిని తొలగింపజాలదు. దినమునకు రెండుమారులు ఫ్లోరైడు గల పేస్టుతో తోముకొనుటయే ప్రధానము; పుక్కిలింత దానికి తోడు మాత్రమే. మ్రింగు ప్రమాదమున్నందున ఆరేండ్లలోపు పిల్లలకు ఈ మందులు ఈయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి. దుర్వాసన పోయినంతమాత్రమున వ్యాధి పోయినట్లు కాదు. చిగుళ్లనుండి తరచు రక్తము కారినను, పండ్లు కదలినను, నోటిపుండు రెండు వారములలో మానకున్నను వైద్యుని చూడవలెను. పొగాకు, వక్క నమలువారు ఈ విషయమున ఏమాత్రము ఉపేక్షింపరాదు. మానని పుండు క్యాన్సరునకు తొలి చిహ్నము కావచ్చును. దానిని పుక్కిలింతతో కప్పిపుచ్చుకొనుట ప్రాణాపాయమునకు దారితీయును.