గంటలు కాదు, పట్టు తప్పడమే అసలు గుర్తు

2020 ఆగస్టు 10న అండమాన్ దీవుల ఇంటర్నెట్‌కు కొత్త దారి తెరుచుకుంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ, మరికొన్ని దీవులకూ సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల మేర వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఆ రోజు ప్రారంభమైంది. అంతకుముందు దీవులకు ఉపగ్రహ సంకేతాలే ఆధారం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ నగరంలో గోల్ ఘర్ ఒక పేట. తరాల క్రితం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగువారు ఈ దీవుల్లో చాలామంది ఉన్నారు. అక్కడి మనవడిని ఇక్కడి అమ్మమ్మ వీడియో కాల్‌లో చూడగలిగేది ఆ కేబుల్ పుణ్యమే. అర్ధరాత్రి దాకా సాగే ఆన్‌లైన్ ఆట వచ్చేదీ అదే తీగ మీద.

అందుకే అక్కడైనా, మన ఊళ్లోనైనా ఒకటే ప్రశ్న: ‘మావాడు పొద్దస్తమానం ఫోన్‌లోనే ఉంటున్నాడు. ఇది జబ్బా?’

జ్వరాన్ని గడియారంతో కొలవం. ఈ సమస్యనూ గంటలతో మాత్రమే తేల్చలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఆ వర్గీకరణ ‘రోజుకు ఇన్ని గంటలు’ అని లెక్క కట్టలేదు. మూడు లక్షణాలు చూడమంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో అదుపు లేకపోవడం. తిండి, నిద్ర, చదువు, స్నేహాల కన్నా ఆటే ముఖ్యమైపోవడం. నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం. వీటివల్ల ఇల్లు, చదువు, ఉద్యోగం గట్టిగా దెబ్బతినాలి. సాధారణంగా ఏడాదిపాటు ఇలా సాగితేనే రోగంగా నిర్ధారిస్తారు. తీవ్రత ఎక్కువైతే అంతకాలం ఆగనక్కర్లేదు.

సెలవుల్లో నాలుగు గంటలు ఆడినా, అన్నానికి పిలిస్తే లేచి వచ్చి, స్నేహితులతో తిరిగే పిల్లాడి గురించి భయం అక్కర్లేదు. ఆడేది రెండు గంటలే అయినా, అందుకోసం పరీక్ష ఎగ్గొట్టి అబద్ధం చెబితే ఆలోచించాల్సిందే.

ఆపడం ఎందుకంత కష్టం? బహుమతి ఎప్పుడు వస్తుందో తెలియకపోతే మనసు ఆశ వదలదు. ఊహించని లాభం అందినప్పుడు మెదడులోని డోపమైన్ కణాలు ఎక్కువగా స్పందిస్తాయి. చాలా ఆటల్లో బహుమతులు ఇలాగే అనుకోకుండా వచ్చిపడతాయి. డబ్బు పెట్టి ఆడే రమ్మీ పెద్దవాళ్లనూ ఇలాగే పట్టేస్తుంది. అప్పులు, దాపరికం దాని గుర్తులు.

ఇంకో సంగతి మరవొద్దు. కొన్నిసార్లు ఫోన్ కారణం కాదు, దాక్కునే చోటు. కుంగుబాటు, ఆందోళన, బడిలో వేధింపులు మనిషిని తెరలోకి నెట్టవచ్చు. ఫోన్ లాక్కుంటే ఆ బాధ పోదు, మాటలు మాత్రం ఆగిపోతాయి. ‘ఎంతసేపు చూస్తావు?’ అని గద్దించే బదులు ‘ఈమధ్య నిద్ర పడుతోందా? ఏమైనా ఇబ్బందిగా ఉందా?’ అని అడగండి. మానేసిన పనులేమిటో రెండు వారాలు గమనించండి. రాత్రి ఫోన్‌ను పడకగదిలో పెట్టకూడదన్న నియమాన్ని ఇంట్లో అందరూ పాటించండి, మీతో సహా.

అయినా మార్పు లేకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ రాత్రింబవళ్లూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చావు ప్రస్తావన వినిపిస్తే మాత్రం రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే సాయం పిలవండి.