501 నుంచి సున్నాకు

2024 జనవరిలో బహ్రెయిన్‌లో ఇంగ్లండ్ కుర్రాడు ల్యూక్ లిట్లర్ తొమ్మిది డార్ట్‌లు విసిరి 501 పాయింట్లను సున్నాకు తెచ్చాడు. ఈ ఆటలో అంతకంటే తక్కువలో ముగించడం ఎవరి తరమూ కాదు. బహ్రెయిన్ డార్ట్స్ మాస్టర్స్ టైటిల్ కూడా అతనికే దక్కింది. పదిహేడో పుట్టినరోజుకు అప్పటికింకా రెండు రోజులుంది.

పత్రికలన్నీ ఆ పిల్లవాడి గురించే రాశాయి. మనం మాత్రం ఆ వేదిక మీదికి వచ్చిన మిగతా సగం మందిని చూద్దాం. ఈ పోటీ ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ డార్ట్స్’లో భాగం. 2013లో దుబాయ్‌తో మొదలైన ఈ సిరీస్ ఏటా కొన్ని దేశాలు తిరుగుతుంది. ఎనిమిది మంది పేరున్న ఆటగాళ్లను నిర్వాహకులే పిలుస్తారు. ఇంకో ఎనిమిది మంది స్థానికులు: ఆసియా టూర్‌లో గెలుచుకుంటూ వచ్చినవారు, ఆతిథ్య దేశంవారు. మొదటి రౌండులోనే ఒక్కో స్థానికుడికి ఒక్కో దిగ్గజం ఎదురవుతాడు. ముందు ఆరు లెగ్‌లు గెలిచినవారు పైకి వెళతారు.

పిలిచినవారిదే పెద్దపీట, స్థానికులు అలంకారానికే అని కొందరంటారు. చాలాసార్లు ఫలితమూ అలాగే ఉంటుంది. కానీ పోటీ చిన్నదైతే బలహీనుడికి కొంత అవకాశం ఉంటుంది. 2023లో న్యూయార్క్‌లో కెనడా ఆటగాడు జెఫ్ స్మిత్ ఉత్తర అమెరికా తరఫున ఆడి ఫైనల్‌కు చేరాడు. అక్కడ మైఖేల్ వాన్ గెర్వెన్ చేతిలో 8-0తో ఓడాడు. ఆ సున్నాయే జనానికి గుర్తుండటం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక మన గురువులకు నచ్చే సంగతి. ఆటగాడు బోర్డుకు 237 సెంటీమీటర్ల దూరంలో నిలబడి విడతకు మూడు డార్ట్‌లు వేస్తాడు. చేసిన పాయింట్లు 501లోంచి తీసేస్తూ పోవాలి. చివరి డార్ట్ కచ్చితంగా డబుల్ గడిలోగానీ నడిమి చుక్కలోగానీ పడాలి, మిగిలింది సరిగ్గా సున్నా కావాలి. దాటిపోతే ఆ విడత చెల్లదు. ట్రిపుల్ 20కి 60 పాయింట్లు. రెండు విడతలూ 180 చొప్పున కొడితే మిగిలేది 141. దాన్ని మూడు డార్ట్‌ల్లో ఎలా ముగించాలి? ట్రిపుల్ 20, ట్రిపుల్ 19, డబుల్ 12: 60, 57, 24. ఎంత మిగిలిందో రిఫరీ చెప్పవచ్చు, దారి మాత్రం చెప్పకూడదు. అది ఆటగాడి తలలోనే ఉండాలి.

అందుకే చాలామంది చివరికి 32 మిగిల్చుకోవాలని చూస్తారు. డబుల్ 16కి గురి తప్పి మామూలు 16లో పడినా 16 మిగులుతుంది, డబుల్ 8 కొట్టవచ్చు. అదీ తప్పి 8లో పడితే డబుల్ 4, ఆపైన డబుల్ 2, చివరికి డబుల్ 1. అదే 34 మిగిలి 17లో పడిందనుకోండి, బేసి సంఖ్య! డబుల్‌కు ముందు ఇంకో డార్ట్ ఖర్చు. సరి, బేసి పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

బోర్డు మీద అంకెల అమరికలోనూ తిరకాసుంది. 20కి అటు 5, ఇటు 1. పెద్ద అంకెకు ఆశపడి గురి తప్పినవాడికి చిల్లరే దక్కుతుంది.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో, పుస్తకంలో ఇంగ్లీషు వినే మన పిల్లలు 141లోంచి 60 ఏ భాషలో తీసేస్తారు? ఓ శనివారం ఆడించి చూడండి. మొనదేలిన డార్ట్‌లు బడికి వద్దు, అయస్కాంతం బోర్డు చాలు. అదీ లేకపోతే గోడకు అట్టముక్క, చేతిలో సుద్దముక్క. 501తో కాదు, 101తో మొదలుపెట్టండి. లెక్క పలక మీద వేయనివ్వకండి, పైకి చెప్పమనండి. ఏ భాషలో చెబుతున్నారో చెవి పెట్టి వినండి.