బొర్రా కొండల బాట

విశాఖపట్నం నుండి బొర్రా గుహలకు వెళ్ళే రైలుమార్గం బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి వేసినది. గుహలను చూచి, జట్టుగా కొండబాట పట్టిన విద్యార్థులకు పని నిలిచిన కాల్సైట్ గని ఎదురైతే, అది ఎందుకు నిలిచిందో తెలిసికొనవలెను.

కాల్సైట్ సున్నపురాతిలోని ఖనిజం. అనంతగిరి మండలంలోని ఈ కొండలలో దానిని తవ్వుకొనుటకు ప్రభుత్వం ప్రైవేటు వ్యక్తులకు, సంస్థలకు లీజులిచ్చింది. తరతరాలుగా అక్కడ సేద్యం చేసికొనుచున్న గిరిజనులు తమ భూములు పోవునని కలత చెందారు. వారి పక్షాన ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది.

షెడ్యూల్డ్ ప్రాంతాలలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల కొరకు లీజుకివ్వరాదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వమూ ఆ నియమానికి లోబడినదే అని స్పష్టం చేసింది. నేటికీ అది ‘సమత తీర్పు’గా ప్రసిద్ధం.