మానిపండు పడితే పంట పండినట్టేనా?

ఖరీఫ్ వరి గింజ పాలు పోసుకునే రోజుల్లో కంకుల మీద అక్కడక్కడా పసుపు, నారింజ రంగు ఉండలు బయటపడుతుంటాయి. అదే మానిపండు తెగులు. దీని మీద పాతుకుపోయిన నమ్మకాల వల్ల మందు కొట్టే అదును ఏటా చేజారుతోంది.

అపోహ: మానిపండు కనిపిస్తే ఆ ఏడు పంటకు తిరుగుండదు.

వాస్తవం: దీనికి లక్ష్మీ తెగులు అనే పేరూ ఉంది. పైరును ఏపుగా పెంచే వానలు, గాలిలో తేమ, దండిగా వేసిన యూరియా ఈ శిలీంధ్రానికీ కలిసొస్తాయి. మంచి పైరు, మానిపండు ఒకే ఏడు కనిపించేది అందుకే. ఉండ కట్టిన ప్రతి గింజా నష్టమే. కంకిలో తాలు కూడా పెరుగుతుంది.

అపోహ: ఇది కాటుక తెగులే.

వాస్తవం: తిరునెల్వేలి నమూనాను బట్టి 1878లో దీన్ని తొలిసారి వర్ణించిన శాస్త్రవేత్త కుక్ కూడా కాటుక శిలీంధ్రాల్లోనే చేర్చారు. నిజానికి ఇది సజ్జలో తేనెబంక తెగులు తెచ్చే శిలీంధ్రానికి దగ్గరి చుట్టం.

గుర్తుపట్టడం కష్టం కాదు. మొదట ఊక సందులోంచి తెల్లటి పలుచని పొరతో చిన్న బుడిపె తొంగిచూస్తుంది. పొర చిట్లాక నారింజ రంగుకు, తర్వాత ముదురాకుపచ్చకు, చివరకు నలుపుకు మారుతుంది. ముట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది. ఉండను కోసి చూస్తే నడుమ తెలుపు, దాని చుట్టూ నారింజ, పైన ఆకుపచ్చ వరుసలు కనిపిస్తాయి.

అపోహ: ఉండలు కనిపించాక మందు కొడితే సరిపోతుంది.

వాస్తవం: అప్పటికే ఆలస్యమైపోయింది. పైరు పొట్ట మీద ఉండగానే శిలీంధ్రం లోపలికి చేరి పువ్వులోని కేసరాల కాడలను పట్టుకుంటుంది. ఇక గింజ కట్టదు. గింజ కోసం మొక్క పంపే ఆహారంతో ఉండ పెరుగుతుంది. అందుకే పొట్ట దశలో ఒకసారి, సగం కంకులు పైకి వచ్చాక మరోసారి లీటరు నీటికి 1 మి.లీ. ప్రోపికోనజోల్ కలిపి చల్లాలి.

అపోహ: ఉండల పొడి కలిసినా ధాన్యానికి ఏమీ కాదు.

వాస్తవం: ఈ ఉండల్లో అస్టిలాక్సిన్లనే విషపదార్థాలుంటాయి. అవి జంతు కణాల విభజనను అడ్డుకుంటాయి. ఉండలున్న ధాన్యాన్ని విత్తనానికి ఉంచకూడదు, పశువులకు పెట్టకూడదు.

అపోహ: ఇది వరిని తప్ప మరే మొక్కనూ అంటదు.

వాస్తవం: ఊద, దర్భ వంటి గడ్ల మీదా ఇది బతుకుతుంది. గట్ల మీది ఊదను కంకి వేయకముందే పీకేస్తే శిలీంధ్రానికి ఒక ఆసరా తగ్గుతుంది.